తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక: వెనక బెంచీ నుంచి చూసిన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

వార్షిక నివేదిక అనగానే మీలో చాలామంది చివరి పేజీకి వెళ్లి జమాఖర్చులు చూసి పక్కన పెట్టేస్తారని నాకు తెలుసు. కార్యదర్శి కాకముందు నేనూ అదే చేసేవాణ్ణి. ఈసారి ఆ లెక్కల పట్టిక విడిగా ఇస్తున్నాం. ఈ కాగితాల్లో ఉన్నదంతా తరగతి గదుల్లో జరిగిన సంగతులు, రాబోయే నెలల్లో జరగాల్సినవి.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఏడాది మొదట్లో మన సంఘం తరఫున పెట్టిన సైన్స్ ఎగ్జిబిషన్ గుర్తుందిగా? చూడ్డానికి ఎంత బాగుందో! అగ్నిపర్వతం నురగలు కక్కింది, సౌరకుటుంబం గిరగిరా తిరిగింది, గాలిమర వెలుగుతో మెరిసింది. మొదటి బహుమతి వచ్చిన మోడల్ దగ్గర నిలబడి ఒక సభ్యురాలు ఆ అబ్బాయిని, "ఇది ఎలా తిరుగుతుంది నాన్నా?" అని అడిగారు. వాడు ఏమాత్రం తడుముకోకుండా, "మా డాడీని అడగాలి ఆంటీ, ఆయన ఇప్పుడే బయటికెళ్లారు" అన్నాడు. అందరం నవ్వేశాం. నేను కొంచెం తక్కువ నవ్వాను. ఎందుకంటే ముందురోజు రాత్రి పన్నెండు దాటేదాకా మా ఇంట్లో థర్మాకోల్ కోసింది నేను. మా అమ్మాయి పక్కనే నిద్రపోయింది.

ఆ తర్వాతి కార్యవర్గ సమావేశం కాస్త వేడిగానే జరిగింది. బహుమతులు పిల్లలకిచ్చామా, పెద్దలకిచ్చామా అని ఒకరు సూటిగా అడిగితే జవాబు చెప్పలేకపోయాం. చివరికి తేలిందేమిటంటే, తరగతిలో అసలు ఏం జరుగుతోందో మనకు తెలియదు. మార్కుల రోజు వస్తాం, సంతకం పెడతాం, వెళ్లిపోతాం. అందుకని ఉపాధ్యాయుల ఒప్పుకోలుతో వారానికి ఇద్దరు సభ్యులు ఒక పీరియడ్ వెనక బెంచీలో కూర్చునే పద్ధతి మొదలుపెట్టాం. షరతులు మూడే: మాట్లాడకూడదు, సాయం చేయకూడదు, ఫోన్ బయటికి తీయకూడదు. మొదటిది చాలా కష్టం.

నేను కూర్చున్న తరగతి గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఏడో తరగతి. పాఠం లోలకం. మేడమ్ బోర్డు మీద ఏమీ రాయలేదు. ఒక్కో జట్టుకు ఒక తాడు, ఒక రాయి, ఒక గడియారం ఇచ్చి, "మీటరు పొడవు తాడు కట్టండి, పది ఊపులకు ఎంత సమయం పడుతుందో చెప్పండి" అన్నారు. వెళ్లి మళ్లీ మొదటి చోటికి వస్తే ఒక ఊపు. కిటికీ పక్క జట్టుకు 20 సెకన్లు వచ్చింది. తలుపు పక్క జట్టుకు 18. ఇంకేముంది, గొడవ! మీ తాడు పొట్టిదంటే మీ గడియారం పాడైందని. తాళ్లు కొలిచారు, ఒకటే పొడవు. గడియారాలు మార్చుకున్నారు, మళ్లీ అదే తేడా. నాకు నోరు దురద పెడుతోంది, మేడమ్ మాత్రం కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. పావుగంట గడిచాక, ఎప్పుడూ మాట్లాడదని పేరున్న ఒక అమ్మాయి మెల్లగా, "వాళ్లు రాయి వదలగానే ఒకటి అంటున్నారు, మేం తిరిగొచ్చాక ఒకటి అంటున్నాం" అంది. అంతే. వదిలేటప్పుడు 'సున్నా' అనాలి. 'ఒకటి' అంటే పదో అంకె వచ్చేసరికి అయ్యేవి తొమ్మిది ఊపులే. మీటరు లోలకానికి ఒక ఊపు దాదాపు రెండు సెకన్లు కాబట్టి, పోయిన రెండు సెకన్లు అవే.

ఆ తర్వాత రాయి తీసి బరువైన ఇనుప బోల్టు కట్టారు. త్వరగా ఊగుతుందని తరగతి అంతా చేతులెత్తింది. ఊగలేదు, అదే 20. తాడు సగం చేస్తే సమయం కూడా సగమవుతుందన్నారు. 50 సెంటీమీటర్లకు 14 సెకన్లు వచ్చింది. సగం సమయం రావాలంటే తాడును 25 సెంటీమీటర్లకు, అంటే నాలుగో వంతుకు తగ్గించాల్సి వచ్చింది. ఈ లెక్కకు సూత్రం పై తరగతుల్లో వస్తుంది. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1656లో లోలకంతో గడియారం తయారు చేశాడన్న సంగతి మేడమ్ బెల్లు కొట్టే ముందు చెప్పారు. ముందే చెప్పి ఉంటే ఒక్కరికీ పట్టేది కాదు. నేను చదువుకున్న రోజుల్లో ఆ సూత్రం బట్టీ పట్టి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. బరువు మారినా సమయం మారదని కళ్లతో చూసింది మాత్రం ఈ ఏడాదే.

ఐదో తరగతిలో చంద్రుడి డైరీ నడిచింది. రోజూ చంద్రుడు కనిపించిన వేళ, ఆకారం బొమ్మ వేసి రాయాలి. మొదటి రెండు వారాలు బాగానే సాగింది. పౌర్ణమి దాటాక సగం డైరీల్లో 'కనిపించలేదు' అని వరసగా రాసేశారు. ఒకడు ఏకంగా మూడు రోజులది ముందే రాసిపెట్టాడు, ఆ ముందుచూపుకు మెచ్చుకోవాలో తిట్టాలో సార్‌కు తెలియలేదు. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి పౌర్ణమి దాటిన కొద్దీ వీళ్లు పడుకున్నాకే వస్తాడు. వారం తర్వాత ఉదయం ప్రార్థన వరుసలో నిలబడ్డప్పుడు ఒక పాప పడమటి వైపు చెయ్యి చూపించి, "సార్, చంద్రుడు!" అని అరిచింది. పగలు చంద్రుడేమిటని పక్కవాళ్లు వెక్కిరించారు. తల తిప్పి చూస్తే తెల్లగా, సగం చెక్క, మేఘం ముక్కలాగా ఉంది. ఆ రోజు ప్రార్థన ఐదు నిమిషాలు ఆలస్యమైందని రిజిస్టర్లో ఉంది, కారణం రాయలేదు. పౌర్ణమి నుంచి పౌర్ణమికి ఇరవై తొమ్మిదిన్నర రోజులని పుస్తకంలో ఉన్నది తమ డైరీలతో సరిచూసుకున్నది చివరికి నలుగురే. నాకైతే ఆ నలుగురు చాలనిపించింది.

రెండో తరగతిలో విత్తనాలు మొలకెత్తించారు. సగం కుళ్లిపోయాయి, ప్రేమతో నీళ్లు ఎక్కువ పోసినందువల్ల. విత్తనానికి నీటితోపాటు గాలీ కావాలని టీచర్ నిరుడు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని మాట, ఈసారి ఆ వాసనకు ఎక్కింది. బతికిన వాటిలో ఒకదాన్ని తలకిందులుగా తిప్పి పెడితే వేరు వంపు తిరిగి మళ్లీ కిందికే పోయింది. దాన్ని చూడటానికి పై తరగతుల వాళ్లు కూడా వరస కట్టారు.

ఆరో తరగతి లెక్కల సార్ శాతాల పాఠం కోసం స్కూలు బ్యాగులు తూకం వేయించారు. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని సాధారణంగా చెబుతారు. ఎవరి శాతం వాళ్లే కట్టుకున్నారు. చాలామందికి దాటింది. మనమంతా పాఠ్యపుస్తకాల మీద నెపం వేసేవాళ్లం. తీరా విప్పి చూస్తే నిండా నింపిన లీటరు నీళ్ల సీసా ఒక్కటే కిలో, ఆ రోజు అక్కర్లేని గైడ్లు, నెలల తరబడి బయటికి రాని రంగుల పెట్టె. ఈ జాబితా ఇళ్లకు పంపాం. స్కూల్లోనే తాగునీళ్లు బాగుంటే సీసా సగం నింపి పంపొచ్చు కదా అని కొందరు అడిగారు. న్యాయమైన మాట. యాజమాన్యంతో మాట్లాడాం, కొత్త ఫిల్టర్ పెడతామన్నారు. ఇది రాసే నాటికి ఇంకా పెట్టలేదు.

ఇక లైబ్రరీ. దీని గురించి రాయకుండా ఉండలేను. మన స్కూల్లో మంచి పుస్తకాలున్నాయి, అద్దాల బీరువాలో, తాళం వేసి. తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటుంది, ఆయన సెలవు పెడితే పుస్తకాలకూ సెలవే. చిరిగిపోతాయన్నది భయం. గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఇచ్చిన ఐదు సూత్రాల్లో మొట్టమొదటిది 'పుస్తకాలు వాడుకోవడానికే' అన్నది. ఆ ఒక్క మాటా కాగితం మీద రాసి బీరువాకు అతికించాం. గట్టి వాదన తర్వాత రెండు అరలు తాళం లేకుండా ప్రతి తరగతి గదిలోకీ వచ్చాయి. ఏడాదిలో కొన్ని పుస్తకాలు చిరిగాయి, కొన్ని కనిపించకుండా పోయాయి. ఎక్కువ చిరిగినవి ఏవో చూస్తే, పిల్లలకు ఎక్కువ నచ్చినవి ఏవో విడిగా సర్వే చేయనక్కర్లేదు. అతికించే పని శనివారాలు మన సభ్యులే చేస్తున్నారు, ఇంకో ఇద్దరు చేరితే బాగుంటుంది.

ఆటల పోటీలు, వార్షికోత్సవం ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీ అందరి ఫోన్లలో ఉన్నాయి కాబట్టి వివరాలు రాయను. వార్షికోత్సవం రిహార్సళ్ల వల్ల పాఠాలు బాగా వెనకబడ్డాయని టీచర్లు చెప్పారు, ఈసారి రిహార్సళ్లు ఆఖరి పీరియడ్‌కే పరిమితం చేయమని కోరాం.

రాబోయే కార్యక్రమాలు చెబుతాను, తేదీలు రాసిపెట్టుకోండి.

సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున ఆవరణలో నీడ కొలిచే పని. నేలలో ఒక కర్ర నిలబెట్టి పావుగంటకోసారి నీడ కొస దగ్గర గుర్తు పెడతారు. మామూలు రోజుల్లో ఆ గుర్తులు కలిపితే వంపు గీత వస్తుంది, ఇలాంటి రోజున దాదాపు తిన్నని గీత వస్తుంది. పోయినసారి ఎనిమిదో తరగతి వాళ్లు ఇలాంటి పరీక్షే చేసినప్పుడు అన్నిటికంటే పొట్టి నీడ సరిగ్గా పన్నెండింటికి పడలేదు. గడియారం తప్పంటూ ఆఫీసుకు ఫిర్యాదు కూడా వెళ్లింది. గడియారం సరిగ్గానే ఉంది. గడియారపు వేళ దేశమంతటికీ ఒకటే, సూర్యుడి మధ్యాహ్నం ఊరూరికీ వేరు. ఒక డిగ్రీ రేఖాంశం జరిగితే నాలుగు నిమిషాల తేడా. అది చాలదన్నట్టు సూర్యుడు కూడా ఏడాదంతా ఒకే వేళ పాటించడు. నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి నడిమికి పద్నాలుగు నిమిషాలు వెనకబడతాడు. ఈసారి ఈ తేడాను పిల్లలే లెక్క కట్టబోతున్నారు.

అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారం. 1957 అక్టోబరు 4న తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది, 1967 అక్టోబరు 10న అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చింది, ఆ రెండు తేదీల మధ్య వారాన్నే ఐక్యరాజ్యసమితి తీసుకుంది. చంద్రుడి డైరీ మళ్లీ అప్పుడే మొదలు. దయచేసి ఇంట్లో ఎవరూ వాళ్ల బదులు ఆకాశం చూసి చెప్పొద్దు.

ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం. 1952లో ఢాకాలో భాష కోసం ప్రాణాలు పోగొట్టుకున్న విద్యార్థుల జ్ఞాపకంగా యునెస్కో 1999లో దీన్ని ప్రకటించింది. ఉపన్యాసాల పోటీ వద్దనుకున్నాం, అవి ఎవరు రాసిస్తారో మనకు తెలుసు. ప్రతి పిల్లా పిల్లాడూ తాతయ్యో అమ్మమ్మో వాడే, తాము వాడని మూడు మాటలు తెచ్చి చెబితే చాలు.

మార్చి 14న అంతర్జాతీయ గణిత దినోత్సవం. గుండ్రంగా కనిపించిన ప్రతిదాని చుట్టుకొలతనూ దారంతో కొలిచి వ్యాసంతో భాగిస్తారు. మూతలు, చక్రాలు, గాజులు ఏవైనా పంపండి. 3.14 రాకపోయినా ఫరవాలేదు, వచ్చిన అంకె వచ్చినట్టే రాయమని చెప్పండి. అందరికీ అచ్చంగా 3.14 వస్తే మాకు అనుమానమొస్తుంది.

చివరిగా, అందరూ అడుగుతున్న ఎగ్జిబిషన్. ఉంటుంది. మోడళ్లు స్కూల్లోనే, స్కూలు వేళల్లోనే తయారవుతాయి, ఇంటినుంచి తెచ్చినవి తీసుకోం. మొదటి, రెండో బహుమతులు లేవు. బహుమతి లేకపోతే పిల్లలకు హుషారు ఉండదని కార్యవర్గంలో ముగ్గురు గట్టిగా వాదించారు, వాళ్ల అసమ్మతిని మినిట్స్‌లో రాశాం. వాళ్లు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయలేను. ఒక్క ఏడాది చూద్దామని ఒప్పించాం. మోడళ్లు వంకరగా ఉంటాయి, కొన్ని తిరగవు. ఎందుకు తిరగలేదో ఆ పిల్లలనే అడగండి, డాడీని పిలవాల్సిన పని ఉండదు.

ఈ ఏడాది వెనక బెంచీలో కూర్చోవడానికి పేరిచ్చి రానివాళ్లు ఎక్కువమందే ఉన్నారు. ఆఫీసు పనులుంటాయి, అర్థం చేసుకోగలం. రాలేకపోతే ముందురోజు ఒక మెసేజ్ పెట్టండి, ఇంకొకరిని పంపుతాం. టీచర్లు మన కోసం కుర్చీ వేసి ఎదురుచూడటం బాగోదు. మనల్ని వెనక కూర్చోబెట్టుకుని పాఠం చెప్పడం వాళ్లకు మొదట్లో ఎంత టెన్షన్‌గా ఉండిందో తర్వాత చెప్పారు. అయినా తలుపు తెరిచినందుకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

జమాఖర్చుల ఆమోదం, కొత్త కార్యవర్గం ఎన్నిక సర్వసభ్య సమావేశంలో జరుగుతాయి. వచ్చేవాళ్లు బళ్లు ఆవరణలో తూర్పు పక్కన ఆపవద్దని మనవి. నీడ కర్ర అక్కడే ఉంది, ఎనిమిదో తరగతి వాళ్ల సున్నపు గుర్తులు ఇంకా చెరిగిపోలేదు.

ఇట్లు,
కార్యదర్శి