కార్యదర్శి వార్షిక నివేదిక – సర్వసభ్య సమావేశం

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, వీలు చేసుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి వాటిని మళ్లీ చదవను. వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసేవాళ్లు ముందు వాటిని వాడేవాళ్ల పక్కన కూర్చుని చూడాలన్నది మన వాదన. ఆ దిశగా ఈ ఏడాది జరిగిందేమిటో, జరగనిదేమిటో మనవి చేస్తాను.

నెలవారీ సమావేశాలు క్రమం తప్పలేదు. ఇంటర్వ్యూ చేయడం, కార్డ్ సార్టింగ్ (విషయాల చీటీలను వాడేవాళ్ల చేతే గుంపులు చేయించడం), డైరీ స్టడీ (వాడేవాళ్లు తమ అనుభవాన్ని కొన్నాళ్లపాటు రాసుకోవడం), పాల్గొనేవారి సమ్మతి పత్రం రాయడం మీద మన సీనియర్ సభ్యులే తరగతులు తీసుకున్నారు. ఇంటర్వ్యూ తరగతికి హాలు నిండిపోయింది. "ఈ సదుపాయం పెడితే వాడతారా?" అని అడిగితే మొహమాటానికి ఎవరైనా వాడతాననే అంటారు, "కిందటిసారి ఈ పని ఎలా చేసుకున్నారో చూపించండి" అని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది అన్న మాట ఆ రోజు అందరికీ బాగా పట్టింది. డైరీ స్టడీ తరగతికి మాత్రం బోధించినవారు, నేను, ఇంకో ఇద్దరు ముగ్గురం ఉన్నాం. ఉపాధ్యక్షులు వస్తానన్నారు, రాలేదు.

ఏడాది పొడవునా నలిగిన చర్చ ఒకటి ఇక్కడ నమోదు చేయాలి. యూజర్ టెస్టింగ్‌కు – అంటే వాడేవాళ్ల చేత పని చేయించి ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూడటానికి – అయిదుగురు చాలా, చాలరా? యూజబిలిటీ (వాడుక సౌలభ్యం) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసం అందరికీ కంఠతా వచ్చు. ఒక్కొక్కరి వల్ల సగటున 31 శాతం సమస్యలు బయటపడతాయన్న లెక్కన అయిదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయని ఆయన అన్నారు. 15 మందితో ఒకేసారి చేసే బదులు అయిదుగురి చొప్పున మూడు విడతలు చేయండి, విడతకూ విడతకూ మధ్య సరిదిద్దుకోండి అన్నదీ ఆ వ్యాసంలోనే ఉంది. మనవాళ్లు మొదటి ముక్క పట్టుకుని రెండోది వదిలేస్తున్నారు. అయిదుగురిని కూర్చోబెట్టి "80 శాతం మందికి నచ్చింది" అని రాసిన స్లైడు మన వేదిక మీదే కనిపించింది. జనం ఎక్కడ ఆగిపోతున్నారో అయిదుగురు చూపించగలరు. ఎంతమందికి నచ్చిందో చెప్పాలంటే సర్వే చేయాలి, దాని లెక్క వేరు. ఇకమీదట వేదికెక్కే ప్రజెంటేషన్లను విద్యా ఉపసంఘం ముందుగా చూడాలని కార్యవర్గం తీర్మానించింది.

నవంబరు శిబిరం

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది ఇదే. 2005లో మొదలైన ప్రపంచ యూజబిలిటీ దినాన్ని నవంబరు రెండో గురువారం జరుపుతున్నారు. ఇన్నేళ్లూ మనం ఆ రోజున ఉపన్యాసం పెట్టుకుని, గ్రూప్ ఫోటో దిగి ఇళ్లకు వెళ్లాం. ఈసారి బహిరంగ టెస్టింగ్ శిబిరం పెట్టాం. ఒక ప్రభుత్వ కార్యాలయం దరఖాస్తుల కోసం పెట్టిన యాప్‌ను ఎంచుకున్నాం. ఒక్కో బల్ల దగ్గర యాప్ వాడే మనిషి, పని అప్పగించి ప్రశ్నలడిగే మోడరేటర్, నోట్స్ రాసేవారు కూర్చునేలా ఏర్పాటు చేశాం. చేతికిచ్చిన చీటీ మీద "మీరు ఇల్లు మారారు, ఆ సంగతి కార్యాలయానికి తెలియజేయండి" అని మాత్రమే ఉంది. "చిరునామా సవరణ బటన్ నొక్కండి" అని రాస్తే ప్రశ్నాపత్రంలోనే జవాబు అచ్చేసినట్టు.

మూడో బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చున్నారు. పుట్టిన తేదీ అడిగిన చోట క్యాలెండరు ఈ నెలతో తెరుచుకుంది. ఆవిడ ఎడమ పక్క బాణం నొక్కుతూ ఒక్కో నెలా వెనక్కి వెళ్లడం మొదలుపెట్టారు. పైనున్న సంవత్సరం మీద నొక్కితే సంవత్సరాల జాబితా వస్తుంది గానీ అది చూడటానికి మామూలు శీర్షికలా ఉంది, నొక్కవచ్చని ఎవరికీ తోచదు. "నేను పుట్టిన ఏడాదికి చేరేసరికి తెల్లారేలా ఉందమ్మా" అని నవ్వారు. మోడరేటర్‌గా ఉన్న మన కొత్త సభ్యురాలు రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని, "ఇప్పుడేమనుకుంటున్నారు?" అని తప్ప ఇంకేమీ అనలేదు. సాయం చేయాలని వేళ్లు ఎంత లాగుతాయో ఆ కుర్చీలో కూర్చున్నవారికే తెలుసు. ఆ అమ్మాయికి సభ తరఫున ప్రత్యేక అభినందనలు.

తర్వాత ఓటీపీ వచ్చింది. ఆవిడ మెసేజ్ తెరిచి, అంకెలు చీటీ వెనక రాసుకుని తిరిగి వచ్చేసరికి యాప్ మొదటి పేజీలో ఉంది. నింపినదంతా పోయింది. "నేనే ఏదో తప్పు నొక్కినట్టున్నాను" అన్నారు. సాయంత్రం నోట్స్ చీటీలన్నీ గోడకు అతికించి గుంపులు చేస్తుంటే, ఫారం పోగొట్టుకున్నవారంతా దాదాపు ఇదే మాట అన్నట్టు తేలింది. తప్పు తమదే అనుకునేవాళ్లు ఫిర్యాదు రాయరు. ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉందని యాప్ బాగుందనుకునే కార్యాలయాలు ఈ చీటీలు చదవాలి.

తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫోను వాడే చూపులేని మిత్రులు కూడా వచ్చారు. కింది వరుసలోని గుర్తుల మీద వేలు పెట్టినప్పుడల్లా ఫోను "బటన్, బటన్, బటన్" అని మాత్రమే పలికింది. ఏ గుర్తుకూ పేరు పెట్టలేదు. చూస్తున్న డెవలపర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మనం పెట్టిన ఉపన్యాసాలకు ఎన్నడూ రాని ఫలితం అది.

కార్యాలయానికి నివేదిక

అనుమతి ఇచ్చినవారి వీడియో ముక్కలతో సహా నివేదికను ఆ కార్యాలయానికి అందజేశాం. మేమడిగినవి పెద్ద కోరికలేం కావు. పుట్టిన తేదీని టైపు చేయనివ్వండి. ఓటీపీ కోసం బయటికెళ్లి వస్తే నింపినది నిలవనివ్వండి. గడువు ముగుస్తోందంటే ముందే చెప్పి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వండి. ఇది మనం కల్పించింది కాదు, వెబ్ వైకల్యం ఉన్నవారికీ అందుబాటులో ఉండాలని చెప్పే అంతర్జాతీయ డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో 2008 నుంచీ ఉంది. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ వెలుగు తేడా నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలన్నదీ అందులోదే. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలన్నది 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌లో చేరింది.

నివేదికలో ఎస్‌యూఎస్ స్కోరు కూడా ఇచ్చాం. జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన, వాడటం ఎంత సులువో కొలిచే పది వాక్యాల ప్రశ్నావళి అది. స్కోరు 0 నుంచి 100 మధ్య వస్తుంది కానీ శాతం కాదు, 68ని సగటుగా తీసుకుంటారు. మనకొచ్చింది అంతకంటే తక్కువ. "అరవై దాటింది కదండీ, పాసే" అన్నారు అధికారి. ఆ పైన "మాకు ఫిర్యాదులేమీ రాలేదు" అని కూడా అన్నారు. ఆయనకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినవారు ఫైలు కనబడటం లేదన్నారు, మళ్లీ ఇచ్చాం. ఆ తర్వాతి ఉత్తరాలకు జవాబు లేదు. ఈ మధ్య యాప్ కొత్త వెర్షన్ వచ్చింది. రంగు మారింది, క్యాలెండరు అలాగే ఉంది.

బయటివాళ్లను అన్నాక మనవాళ్ల గురించీ అనాలి. శిబిరానికి పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది రాలేదు. అందరూ మోడరేటర్లు కావాలనుకునేవారే, నోట్స్ రాసే కుర్చీ ఎవరికీ అక్కర్లేదు. అడిగేవారే రాసుకోవాల్సి వస్తే చూపు కాగితం మీద ఉంటుంది, వేలు స్క్రీన్ మీద తటపటాయించిన క్షణం దాటిపోతుంది. గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినంత మాత్రాన హాజరైనట్టు కాదని సవినయంగా మనవి. ఇంకొకటి, పాల్గొనడానికి మనుషుల్ని తెమ్మంటే కొందరు తమ ఆఫీసు స్నేహితుల్నే వెంటపెట్టుకొచ్చారు. రోజంతా సాఫ్ట్‌వేర్‌తో గడిపేవాళ్లు, పైగా మన మొహం చూసి బాగుందనేవాళ్లు మనకు పనికిరారు. వచ్చే ఏడాది స్క్రీనర్ ప్రశ్నలు (తగినవారో కాదో ముందే వడపోసే ప్రశ్నలు) దాటినవారినే కూర్చోబెడతాం.

జమాఖర్చులు

చందాలు, వర్క్‌షాపు రుసుములు జమ. హాలు అద్దె, పరికరాలు, పాల్గొన్నవారి పారితోషికం ఖర్చు. ఆడిటరు సంతకం చేసిన పట్టిక మీ చేతుల్లోనే ఉంది, అనుమానాలుంటే కోశాధికారిని అడగండి. పారితోషికం ఎందుకని కిందటిసారి ఒకరు అడిగారు. ఎదుటివారి సమయం ఊరికే తీసుకోవడం మన పద్ధతి కాదు.

కృతజ్ఞతలు

హాలు ఇచ్చిన గ్రంథాలయ నిర్వాహకులకు, ఫోన్లు, ట్రైపాడ్లు అరువిచ్చిన సభ్యులకు, సెలవు పెట్టుకుని వచ్చి మౌనంగా చూసిన డెవలపర్లకు, చీటీలన్నీ టైపు చేసిన ఇద్దరు విద్యార్థులకు, సమ్మతి పత్రాలను సులువైన భాషలోకి తిరగరాసిన న్యాయవాది మిత్రులకు, ప్రతి మీటింగుకూ అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసిన సహాయ కార్యదర్శికి పేరుపేరునా కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా, తమ తికమకను మన కళ్లముందు పెట్టడానికి ఒప్పుకున్నవారికి.

చివరగా ఒక విన్నపం. శిబిరం రికార్డింగులు సమ్మతి పత్రంలో రాసిన గడువుకల్లా చెరిపేయాలి. సంఘం దగ్గరున్నవి చెరిపేశాం. కాపీలు తమ ఫోన్లలో ఉంచుకున్న సభ్యులు ఈ సమావేశం ముగిసేలోగా తొలగించి రిజిస్టరులో సంతకం చేయాలి. అరువు తీసుకెళ్లిన రెండు మైకులు ఎవరి దగ్గరున్నాయో వారికి తెలుసు, దయచేసి తెచ్చివ్వండి.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి