రిపేరు సమాచారం, విడిభాగాలు ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం.

మీ కంపెనీ తయారుచేసిన చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండిని తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు మొదటి నుంచీ నేనే మార్చుకుంటున్నాను.

మూడు నెలల క్రితం ఒక గుంత దాటగానే స్టీరింగ్ గడగడా వణకడం మొదలైంది. వేగం బాగా తగ్గిస్తే గాని ఆగేది కాదు. టైర్లు బ్యాలెన్స్ చేయించాను, స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు చూశాను, తేడా లేదు. ముందు ఇరుసును జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు తెలిసింది. వీల్ బేరింగేమో అనుకుని, మా అబ్బాయిని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపాను. వీల్ బేరింగుదైతే బ్రేక్ తొక్కగానే లూజు పోవాలి, కాని అలాగే ఉంది. అంటే కింగ్‌పిన్, అంటే మలుపులో చక్రం ఏ పిన్ను మీద అటూ ఇటూ తిరుగుతుందో దాని బేరింగులు పోయాయి.

వాటిని మార్చాలంటే చక్రం, కాలిపర్, డిస్క్, హబ్ అన్నీ విప్పి యాక్సిల్ షాఫ్ట్ బయటికి లాగాలి. కష్టమే గాని ఓపికుంటే అయ్యే పని. అసలు చిక్కు తర్వాత వచ్చింది. కింగ్‌పిన్ దగ్గర షిమ్ములనే పలచటి లోహపు రేకులు ఉంటాయి. వాటి మందాన్ని బట్టే బేరింగు బిగువు కుదురుతుంది. బిగువు తక్కువైతే వణుకు పోదు. ఎక్కువైతే స్టీరింగ్ బరువెక్కి, మలుపు తిరిగాక తనంతట తాను తిన్నగా రాదు, బేరింగులూ త్వరగా పోతాయి. చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే నకిల్‌కి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి బిగువు చూస్తారు. ఎంత బలానికి కదలాలో చెప్పే ఆ ఒక్క అంకె ఓనర్స్ మాన్యువల్‌లో లేదు. మీ సర్వీస్ సెంటర్లో అడిగితే వర్క్‌షాప్ మాన్యువల్ బయటివాళ్లకు ఇవ్వం అన్నారు. షిమ్ములు విడిగా రావట, నకిల్ మొత్తం అసెంబ్లీగా కొనాలట. రెండు బేరింగుల కోసం, ఏ లోపమూ లేని నకిల్‌ని పారేయమనడం నాకు అన్యాయంగా తోచింది.

కొత్త బేరింగులు వేసి, పాత షిమ్ములనే తుడిచి, ఎక్కడివి అక్కడే పెట్టి బిగించాను. వణుకు పోయింది. కాని సరైన అంకె తెలియకుండా బిగించిన స్టీరింగ్‌తో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్తున్నాను. ప్రతి మలుపులో టెన్షనే.

దానికి తోడు ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపం వెలిగింది. నా స్కానర్ ఇంజిన్ లోపాల కోడ్లే చదువుతుంది, ఏబీఎస్‌కి మీ పరికరమే కావాలన్నారు. మల్టీమీటర్‌తో నాలుగు చక్రాల సెన్సర్లూ ఒక్కొక్కటే చూసుకుంటూ రెండు ఆదివారాలు పోయాయి. హబ్ విప్పిన వైపే తీగ కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదు. కోడ్ కనబడి ఉంటే పది నిమిషాల పని.

ఈ బండిని మీరే రోడ్డు లేని చోట్ల కోసం తయారుచేశారు. అక్కడ చెడితే సర్వీస్ సెంటర్ పక్కన ఉండదు. అందుకే వర్క్‌షాప్ మాన్యువల్‌ని యజమానులకూ అమ్మండి. షిమ్ములు, బేరింగులు, సీళ్లు విడివిడిగా దొరికేలా చూడండి. ఏబీఎస్ కోడ్లు మామూలు స్కానర్‌తోనూ చదివే వీలు కల్పించండి.

వీటన్నిటికంటే ముందు, నా మోడల్‌కి కింగ్‌పిన్ బిగువు ఎంత ఉండాలో రాతపూర్వకంగా తెలపండి. అది అందిన రోజే మళ్లీ విప్పి సరిచూసుకుంటాను.

ఇట్లు,
మీ వాహన యజమాని