గుంట గట్టున నిద్రకూ లెక్క కావాలి

సంపాదకులకు,

ఉద్యోగానికీ ఇంటికీ మధ్య సమతూకం గురించి పత్రికల్లో వచ్చే సలహాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి: సాయంత్రం ఆరయ్యాక ల్యాప్‌టాప్ మూసేయండి, ఫోన్ పక్కన పడేయండి. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో రొయ్యల గుంటల మీద బతికేవాళ్లకు ఇది పనికిరాదు. అక్కడ ఫోన్ పక్కన పడేస్తే తెల్లారేసరికి రొయ్య నీటి మీద తేలుతుంది. గట్టు మీద సమతూకం మనసులో కుదిరేది కాదు, మనుషుల లెక్కలో కుదరాలి.

నాలుగు గుంటలకు ఒక్క కాపలా మనిషి ఉన్నాడనుకుందాం. మేత ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6కి. మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో తెలిపే పళ్లెం) ఎత్తి చూడాలి. అంటే 8, 12, 4, మళ్లీ రాత్రి 8. ఆపైన అర్ధరాత్రి ఒకసారి, 3 గంటలకు ఒకసారి ఆక్సిజన్ చూడాలి. ఈ లెక్కన అతనికి దొరికే అతిపెద్ద ఖాళీ రాత్రి 8 నుంచి 12 దాకా. అన్నం, స్నానం, పిల్లలతో నాలుగు మాటలు, నిద్ర అన్నీ అందులోనే. అరవై రోజులు దాటిన కల్చర్‌లో (రొయ్యల పెంపకంలో) ఇలాగే నెలన్నర నడుస్తుంది.

పగలు ఆక్సిజన్ ఇచ్చే నీటిలోని నాచు రాత్రి తానే దాన్ని వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అట్టడుక్కి పోతుంది. మబ్బు పట్టిన రోజు మరునాటి తెల్లవారుజాము ఇంకా చెడ్డది. 4 పీపీఎం కంటే తగ్గితే జాగ్రత్త పడాలి. 3 కిందకు వస్తే వెనామీ రకం రొయ్య మేత వదిలేస్తుంది. మనిషికి కన్ను మూసుకుపోయేదీ సరిగ్గా ఆ వేళే. నిద్రమత్తులో కరెంటు మెయిన్ తీయకుండా ఏరియేటర్ (నీటికి గాలి పట్టించే యంత్రం) దగ్గరకు నీళ్లలోకి దిగితే జరిగేది వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ఇద్దరు ఉండాలి. రాత్రి 8 నుంచి 1 దాకా ఒకరు, 1 నుంచి 6 దాకా ఇంకొకరు. వంతు రోజూ మార్చకండి, వారానికోసారి మార్చండి. రోజూ మారితే ఇద్దరికీ నిద్ర కుదరదు. ఒంటిగంటకు డీఓ కొలిచి నోటుబుక్కులో రాశాకే మొదటి మనిషి పడుకోవాలి. అంకె 4 కంటే తక్కువుంటే యజమానిని లేపాలి, తిట్లకు భయపడి ఊరుకోకూడదు. రెండో మనిషికి ఉదయం 8 ట్రే తర్వాత మూడు గంటలు ఎవరూ పని చెప్పకూడదు. పడుకునే గది జనరేటర్‌ను ఆనుకుని ఉంటే ఈ లెక్కంతా దండగ.

వారానికో సెలవంటే యజమానులు ఖర్చు గురించి మాట్లాడతారు. పక్కపక్కన ఉన్న ముగ్గురు రైతులు కలిసి ఒక బదులు మనిషిని పెట్టుకుంటే సరిపోతుంది. గట్టుకు ఇద్దరు చొప్పున ఆరుగురు, ఆరు రోజులు. ఏడో రోజు ఆ బదులు మనిషికే సెలవు. జీతం మూడు వాటాలు. ఇక్కడ ఒక్క ప్రమాదం ఉంది: తెల్లమచ్చ వైరస్ బకెట్లు, ట్రేలు, వలల ద్వారా ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు పోతుంది. బదులు మనిషి చేతిలో ఏమీ పట్టుకుని రాకూడదు. ఏ గట్టు సామాను ఆ గట్టుదే, అడుగు పెట్టేముందు కాళ్లు మందు నీళ్లలో ముంచాలి.

ఊరికి పోయే పెద్ద సెలవులు మొదటి 30 రోజుల్లో ఇవ్వండి, అప్పుడు పని తేలిక. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో రొయ్య కుబుసం విడుస్తుంది గనుక ఆ రెండు మూడు రోజులు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పేరు చెప్పి రద్దు చేసిన సెలవును తర్వాత జీతంతో తిరిగివ్వాలి.

యజమానుల నిద్ర సంగతీ చెప్పాలి. కరెంటు పోతే ఫోన్ చేసే మొబైల్ స్టార్టర్లు మంచివే. కానీ అందులోని సిమ్ రీచార్జ్ అయిపోతే అది మూగది. మోటారు తిరుగుతూ ఫ్యాన్ విరిగినా దానికి తెలియదు. కరెంటు వచ్చాక ఏరియేటర్లన్నీ ఒక్కసారి లేచి బ్రేకర్ పడిపోకుండా ఒక్కోదానికి 30 సెకన్ల తేడా పెట్టించండి. స్టార్టర్ నంబరుకు వేరే రింగ్‌టోన్ పెట్టుకుని, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) రేట్ల వాట్సాప్ గ్రూపులను రాత్రి 8కే మ్యూట్ చేయండి. రాత్రి పదకొండింటికి తెలిసిన రేటు పొద్దున ఏడింటికి తెలిసినా నష్టం లేదు.

ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్య ఒలిచే చేతులకు వారానికి 48 గంటలన్న పరిమితి కనీసం కాగితం మీదైనా ఉంది. అదే రొయ్యను పెంచినవాళ్ల దగ్గర ఆ కాగితమూ కనబడదు. చాలా షెడ్లలో ఉండేది యానాది జంటలు. జీతం మగమనిషి పేరునే, ట్రేలు ఎత్తే ఆడమనిషి ఏ లెక్కలోనూ ఉండదు. అడ్వాన్సు తీరేదాకా గట్టు దిగకూడదనే షరతు 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరమని యజమానులకు గుర్తు చేయాల్సి రావడమే సిగ్గు. ఆప్సడా (రాష్ట్ర ఆక్వా అభివృద్ధి సంస్థ) అధికారులు గుంటల తనిఖీకి వచ్చినప్పుడు నీళ్లతో పాటు మూడు సంగతులు చూడాలని కోరుతున్నాం: గట్టు మీద ఎందరు మనుషులు, వాళ్లు పడుకునే గది ఎక్కడ, రాత్రి నోటుబుక్కులో ఒంటిగంట అంకె ఎవరి చేతిరాత.

— ఆక్వా టెక్నీషియన్లు, నెల్లూరు జిల్లా