‘కట్నం’ అనకుండా అడిగితే కట్నం కాదా?

సంపాదకుడు గారికి,

‘అదనపు కట్నం తేవాలని వేధించి...’ అని మొదలయ్యే వార్త మీ విశాఖ పేజీల్లో తరచూ చూస్తుంటాను. ఆ మాట గురించే ఈ ఉత్తరం. మా వీధిలో చనిపోయిన పిల్ల విషయంలో ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎవరి నోటా రాలేదు. ఆ కేసులో నేనొక సాక్షిని.

కేసు ఇప్పుడు హైకోర్టులో అప్పీల్లో ఉంది కాబట్టి పేర్లు, గుర్తులు రాయను. నేరం సంగతి కోర్టు తేలుస్తుంది. నాకు తెలిసింది డబ్బు ఎలా చేతులు మారిందన్నది మాత్రమే.

పెళ్లప్పుడు లాంఛనాలు, ఆడపడుచు కట్నం, సారె అన్నీ ముట్టాయి. అల్లుడు అడగడం ఆ తర్వాత మొదలైంది. ఆటో కిస్తీలు రెండు ఆగాయి, ‘అత్తా, కొంచెం సర్దండి’. మధురవాడ అవతల స్థలం బేరం కుదిరింది, ‘అడ్వాన్సుకి తక్కువైంది, రిజిస్ట్రేషన్ కాగానే ఇచ్చేస్తాను’. చాలాసార్లు ఫోన్ చేసేది ఆ పిల్లే. ‘అమ్మా, ఈ ఒక్కసారికి చూడవే’ అనేది. తల్లికి టిఫిన్ బండి ఉంది. ఇంకా పది నెలలు కట్టాల్సిన చీటీని నష్టానికి పాడుకుని ఎనభై వేలు ఇచ్చింది. ఆ చీటీకి హామీ సంతకం నాదే. అందుకే నన్ను సాక్షిగా వేశారు.

కోర్టులో ముద్దాయి తరఫు లాయరు గారు చాలా మర్యాదగా అడిగారు. ‘కట్నం అనే మాట మీరు విన్నారా?’ ‘లేదండీ.’ ‘మరేమన్నారు?’ ‘సర్దమన్నారండీ.’ ‘అంటే చేబదులు, అంతేగా?’ నేనింకేదో చెప్పబోయాను. ‘అవునా, కాదా చెప్పండి చాలు’ అన్నారు. ‘కట్నం అడగ్గా నేను వినలేదన్న మాట వాస్తవమే’ అని నా ఎదుటే టైపైంది. కింద సంతకం పెట్టి బయటికొచ్చాను. అది అబద్ధం కాదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ మాటకు ఎందుకంత విలువ? పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అసహజంగా చనిపోయి, అంతకు కొద్దికాలం ముందు కట్నం కోసం హింసించారని తేలితే, ఆ చావుకి వాళ్లే కారణమని కోర్టు భావిస్తుంది. కాదని చూపించుకోవాల్సింది వాళ్లు. 1986లో ఐపీసీలోకి వచ్చిన 304-బి ఇది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్ అయింది. కట్నం అన్న లంకె తెగితే ఆ సెక్షనే నిలబడదు. మా కేసులో హత్య సెక్షన్ రుజువు కాలేదన్నారు, 304-బి కింద అల్లుడికి పదేళ్లు వేశారు. అప్పీల్లో మొదటి పాయింటు ఏమిటో మీరు ఊహించే ఉంటారు. అది కట్నం కాదు, చేబదులు.

ఈ వాదన కొత్తదేమీ కాదు. మహారాష్ట్ర కేసు ఒకదానిలో ఇంటి ఖర్చులకీ ఎరువులకీ డబ్బు తెమ్మనడం కట్నం కిందికి రాదని 2007లో సుప్రీంకోర్టే చెప్పి శిక్ష కొట్టేసింది. 2015లో ముగ్గురు జడ్జిల బెంచి దాన్ని ఒప్పుకోలేదు. పెళ్లికి ముందైనా, తర్వాతైనా ఆ పెళ్లి పేరు చెప్పి గుంజేదంతా కట్నమేనంది. 2022 జనవరిలో మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న బెంచి, ఇల్లు కట్టుకోవడానికి డబ్బు అడిగినా కట్నమేనని తేల్చింది. మధ్యప్రదేశ్ కేసు అది. చనిపోయిన అమ్మాయి తానే పుట్టింటివాళ్లని డబ్బు అడిగింది కాబట్టి కట్నం కాదని కింద హైకోర్టు అనుకుంది. అత్తింటి ఒత్తిడికి తట్టుకోలేక అడిగిందని సుప్రీంకోర్టు గుర్తించింది. ఇది చదివినప్పుడు మా పిల్ల ఫోన్లు గుర్తొచ్చాయి. ‘చూడవే’ అన్నది తన కోసం కాదు.

కాబట్టి చట్టం చాలావరకు దారిలో పడింది. పడనిది మన రాతలు. ఆ రోజు మార్చురీ బయట పోలీసులు తల్లినీ, మేనమామనీ, నన్నూ విడివిడిగానే అడిగారు. మేం ఆటో కిస్తీ, స్థలం, చీటీ అన్నీ చెప్పాం. కోర్టులో చూస్తే ముగ్గురి స్టేట్‌మెంట్లలోనూ ఒకటే వాక్యం: ‘అదనపు కట్నం తెమ్మని శారీరకంగా, మానసికంగా వేధించేవాడు.’ ఆటో లేదు, చీటీ లేదు. దాంతో లాయరు గారి పని తేలికైపోయింది. ఆటో గురించి మేం కొత్తగా కల్పించి చెబుతున్నామన్నారు. కట్నం అన్నమాట పోలీసులు రాసుకున్నదన్నారు. కేసు నిలబడాలనే ఆ వాక్యం రాసి ఉంటారు, కాదనను. చివరికి దెబ్బ తగిలింది మాత్రం దానివల్లే.

పెళ్లయిన ఏడేళ్లలోపు చావైతే శవ పంచనామాకి తహసీల్దారు గారు రావడం మామూలే. ఆయనైనా, ఎస్సైగారైనా దయచేసి జనం మాటని జనం మాటగా రాయించండి. ఎంత ఇచ్చారు, ఏ నెలలో ఇచ్చారు, ఏం చెప్పి తీసుకున్నారు, ఇవ్వనని చెప్పిన వారంలో ఇంట్లో ఏం జరిగింది? ఫోన్‌పే హిస్టరీ, చీటీ పుస్తకం, తాకట్టు రసీదు మొదటిరోజే తీసుకోండి. అప్పీల్లో సాక్షుల్ని మళ్లీ పిలిచి అడగడం దాదాపు ఉండదు. మొదట ఏం రాశారో హైకోర్టు చదివేదీ అదే.

తల్లి సంగతి ఇంకా అన్యాయం. శిక్ష నిలిపివేసి అతనికి బెయిలిచ్చిన విషయం ఆవిడకు ఎవరూ చెప్పలేదు. రైతుబజారులో కూరలు కొంటుండగా ఎదురుపడ్డాడట. ‘ఏటి బాబూ, ఈడు బయటికొచ్చీసేడేటి?’ అని మా గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఇలాంటి పెద్ద నేరాల్లో ప్రభుత్వ న్యాయవాదికి అవకాశం ఇచ్చాకే బెయిలివ్వాలని చట్టంలో ఉంది. తల్లికి ఒక ఫోన్ కాల్ చేయమని మాత్రం ఎక్కడా రాసిలేదు. ముద్దాయిని వదిలేసినా, తక్కువ నేరం కింద శిక్ష వేసినా బాధిత కుటుంబమే అప్పీలు వేసుకునే హక్కు 2009 డిసెంబరు 31 నుంచి ఉంది. అంటే హత్య సెక్షన్ కొట్టేసినప్పుడే ఆవిడ వేసి ఉండొచ్చు. ఆవిడకూ తెలీదు, నాకూ తెలీదు, చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. తీర్పు చదివిన రోజే కోర్టు హాల్లో ఎవరో ఒకరు ఈ నాలుగు ముక్కలు తెలుగులో చెప్పే ఏర్పాటు చేయడానికి ఏమంత ఖర్చవుతుంది?

ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని తెలిసి, మొన్న శుక్రవారం ఆవిడని వెంటబెట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. బాగానే మాట్లాడారు. తీర్పు నకలు తెచ్చారా అని అడిగారు. ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఉన్నది మడతలు పడ్డ పేపర్ కటింగ్. హెడ్డింగ్ మీకు తెలిసిందే: ‘అదనపు కట్నం కోసం...’

ఇట్లు,
ఒక పాఠకుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం