వంటింట్లో జరిగిన పందెం: సుధాకర్‌కు ఉత్తరం

హైదరాబాద్,
మే 2025, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన సుధాకర్‌,

నీ ఉత్తరం ఫిబ్రవరిలో అందితే మే నెలలో జవాబు రాస్తున్నాను. తిట్టదలచుకుంటే ముందే తిట్టేసి, ఆ తరువాత చదువు. అమ్మకు మోకాళ్ల నొప్పి కొంత తగ్గింది, పాప రెండో తరగతిలోకి వచ్చింది, పై వాటాలో ఇంకా ఎవరూ దిగలేదు. క్షేమ సమాచారాలు ఇంతటితో సరి, ఎందుకంటే వారం రోజులుగా నా నాలుక చివర ఆగి ఉన్న సంగతి వేరే ఉంది.

నువ్వు అడిగిన ప్రశ్న నాకు కంఠస్థమైపోయింది. సైటుకు తీసుకువెళ్లి, కట్టబోయే ఇంటిని బిల్డరుకు నాలుగు వైపులా తిప్పి చూపించాలి, రాత్రి ఇంటికి వచ్చాక కారు పందేలు ఆడుకోవాలి, అందుకని ఖరీదైన గేమింగ్ లాప్‌టాప్ ఒకటి కొంటే అది డెస్క్‌టాప్‌కు సాటి రాగలదా అన్నావు. ఉత్తరం అందిన రోజే "రాదు" అని ఒక్క ముక్క రాసి కవరులో పెట్టబోయాను. సరిగ్గా అప్పుడే, 2016లో నీకు నేను రాసిన ఉత్తరం గుర్తుకు వచ్చి చెయ్యి ఆగిపోయింది. "ఇక డెస్క్‌టాప్‌ల పని అయిపోయింది" అని ఢంకా బజాయించినవాణ్ణి నేనే కదా! ఆ కాగితాన్ని నువ్వు భద్రంగా దాచి ఉంటావనీ, సమయం చూసి బయటకు తీస్తావనీ నాకు తెలుసు.

ఆ రోజున నేను రాసింది ఉత్త కోత కాదని మాత్రం మనవి. అంతకు ముందు లాప్‌టాప్‌లో వచ్చే గ్రాఫిక్స్ చిప్పు పేరు చివర ‘ఎం’ అనే అక్షరం ఒకటి ఉండేది, అది ఉన్నదంటే సత్తువ తక్కువని ఎవరికైనా తెలిసేది. డెస్క్‌టాప్ చిప్పు 980కి 2,048 కోర్లు (లెక్కలు చేసే చిన్న విభాగాలు) ఉంటే లాప్‌టాప్ చిప్పు 980ఎంకు 1,536 మాత్రమే. 2016లో ఆ చిప్పుల కంపెనీ ఎన్విడియా ఆ అక్షరాన్ని తీసేసింది. పైగా డెస్క్‌టాప్ 1070కి 1,920 కోర్లు ఉండగా లాప్‌టాప్ 1070కి 2,048 పెట్టింది. వేగం కొంచెం తగ్గించినా, కోర్ల లెక్కలో చిన్నదానిదే పైచేయి. ఆ ఊపులో నేను నోరు జారాను. అక్షరం పోయిన తరువాత, ఒకే పేరు కింద ఎక్కడ ఏ చిప్పు పెడుతున్నారో వెతుక్కునే పని మన నెత్తి మీద పడుతుందని అప్పుడు తట్టలేదు.

ఇక అసలు కథకు వస్తాను. మా బావమరిది కిరణ్ నీకు తెలుసు. నా పెళ్లిలో నీకు కొసరి కొసరి పదకొండు బూరెలు వడ్డించిన మహానుభావుడు. (ఆ తరువాతి రైలు ప్రయాణం గురించి నేను ఇక్కడ రాయను.) ఈ ఏడాది కొత్త శ్రేణి రావడంతో పాత శ్రేణి ధర దిగిందని, వాడు 4090 గ్రాఫిక్స్ చిప్పు ఉన్న లాప్‌టాప్ ఒకటి కొన్నాడు. దిగిన ధర కూడా నా యంత్రం మొత్తం ఖరీదును దాటిందనుకో. నాది, నీకు తెలిసినదే, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు ఒక్కొక్కటిగా కొని బిగించుకున్న 4080 డెస్క్‌టాప్. వాడు చేతిసంచీ కింద పెట్టకుండానే, "మీది ఎనభై, నాది తొంభై బావా, ఇంక పందెం దేనికి?" అన్నాడు.

నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదంటే నవ్వకు. లాప్‌టాప్ ఓడిపోతుందని నా నమ్మకం. కానీ తొంభై అన్న అంకె చెవిలో గింగురుమంటూనే ఉంది. మరునాడు శనివారం రాత్రి పందెం ఖాయం చేసుకున్నాం. నువ్వు పంపిన భీమిలి ఇంటి నమూనానే రెండింటిలోనూ పెట్టి, త్రీడీ బొమ్మలు గీసే ప్రోగ్రాం బ్లెండర్‌లో ఒకే వరుస ఫ్రేములు రెండర్ చేయాలని (అంటే నమూనా నుంచి పూర్తి బొమ్మలు గీయించాలని) నిర్ణయం. అదే, ఎక్కడికీ వెళ్లని మెట్లు ఉన్న ఇల్లు. ఆ బిల్డరు ఇంకా ఆ మెట్లను చూసుకోలేదా?

పందెం మొదలు కాకముందే చిక్కు వచ్చి పడింది. ఆ లాప్‌టాప్ చార్జరు ఇటుకంత ఉంది, దాని మీద 330 వాట్లని రాసి ఉంది, దాని తీగ కొసన ఉన్నదేమో పదహారు ఆంపియర్ల లావు పిన్ను. అది మామూలు సాకెట్లో దూరదు. మా ఇంట్లో అంత పెద్ద సాకెట్లు మూడే మూడు: ఒకటి పడకగదిలో ఏసీకి, ఒకటి స్నానాలగదిలో గీజరుకు, ఒకటి వంటింట్లో గ్రైండరుకు. ఏసీ పీకడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. మే నెలలో ఆ మాట అడగడమే నా తప్పు. కాబట్టి మూడు లక్షలకు చేరువైన ఆ లాప్‌టాప్ వంటింటి గట్టు మీద, నానబెట్టిన మినప్పప్పు గిన్నె పక్కన కొలువు తీరింది. నా డెస్క్‌టాప్ పడకగదిలో ఏసీ కింద ఉంది. అక్కడి నుంచి వాడు ఉష్ణోగ్రత అరుస్తే ఇక్కడి నుంచి నేను అరవడం, ఇద్దరి మధ్యలో పాప పరుగెత్తి కబుర్లు మోయడం.

మొదటి విడతలో లాప్‌టాప్ మరీ ఘోరంగా వెనకబడింది. గెలిచానని ఎగరవలసిందే, కానీ ఫ్యాను చప్పుడే వినిపించకపోవడం నాకు అనుమానం కలిగించింది. చూస్తే అది సైలెంట్ మోడ్‌లో ఉంది. చెప్పకుండా ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నీ దగ్గర దాచను. చెప్పాను. మోడ్ మార్చగానే అది రోడ్డు రోలరులా గర్జించింది, అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఉలిక్కిపడి తిరిగి చూసింది.

రెండో విడతలో నా నోరు మూతపడింది. మొదటి కొన్ని నిమిషాలు నావి ఐదు ఫ్రేములు పూర్తయ్యే సమయానికి దానివి నాలుగు పూర్తవుతున్నాయి. అంతటి పోటీ నేను ఊహించలేదు. మన ‘కుంపటి’ని తలచుకో. 2009లో హాస్టల్లో 9600 జీటీ గ్రాఫిక్స్ కార్డు పెట్టి మనం బిగించిన ఆ యంత్రానికి ఒక పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెడితే గాని గంటసేపు నిలిచేది కాదు. (ఆ ఫ్యాను ఎవరి గదిలోనిదో ఈ నాటికీ కాగితం మీద పెట్టకూడదు.) అలాంటిది, రెండు వేళ్ల మందం కూడా లేని ఈ పలక ఇంత పని చేస్తూ ఉంటే, వాడి మీద కోపం వచ్చిందో, ఆ యంత్రం మీద గౌరవం కలిగిందో నాకే తెలియలేదు.

అయితే అది మొదటి కొన్ని నిమిషాల సంగతి. పక్కన పొయ్యి వెలుగుతోంది, గట్టు రాయి వేడెక్కింది. కాసేపటికి దాని ప్రాసెసరు తొంభై అయిదు డిగ్రీలు దాటింది, గ్రాఫిక్స్ చిప్పు ఎనభై ఏడు దగ్గర ఆగి, తీసుకునే వాట్లను తానే తగ్గించుకోసాగింది. నా యంత్రంలో ప్రాసెసరుకు వేరే కూలరు, గ్రాఫిక్స్ కార్డుకు దాని సొంత ఫ్యాన్లు ఉన్నాయి కదా. లాప్‌టాప్‌లో ఇద్దరికీ కలిపి అవే రాగి గొట్టాలు, అవే ఫ్యాన్లు. ఒకరు చెమటోడిస్తే రెండో వారికి గాలి ఆడదు. ఐదుకు నాలుగు కాస్తా నాలుగుకు మూడుకు దిగింది. కిరణ్ గిన్నె మూతలు రెండు తెచ్చి దాని వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తు చేశాడు. అదీ కొంత పనిచేసింది!

అప్పుడు జరిగినదే నీకు చెప్పాలని నేను ఇంతగా ఆరాటపడుతున్నది. రెండు యంత్రాల్లోనూ చిప్పు వివరాలు చూపే జీపీయూ-జెడ్ తెరిచి చూద్దామన్నాను. పడకగది నుంచి వాడు చిప్పు పేరు చదివాడు: ఏడీ103. ఇక్కడ నేను చదివాను: ఏడీ103. ఎవరో ఒకరు తప్పు కిటికీ చూస్తున్నామనుకుని ఇద్దరం గదులు మార్చుకుని మళ్లీ చదివాం. అదే పేరు. కోర్లు అక్కడ 9,728, ఇక్కడ 9,728. మెమరీ అక్కడ 16 జీబీ, ఇక్కడ 16 జీబీ. వాడు తొంభై అని కొన్నదీ, నేను ఎనభై అని కొన్నదీ ఒకే చిప్పు! డెస్క్‌టాప్ 4090 అనే అసలు మనిషి వేరే ఉన్నాడు. అతని చిప్పు ఏడీ102, కోర్లు 16,384, మెమరీ 24 జీబీ, తాగే కరెంటు 450 వాట్లు. ఆ పేరు తప్ప అతని నుంచి వాడి లాప్‌టాప్‌లోకి వచ్చినది ఏమీ లేదు. కిరణ్ ముఖం చూసి నాకు గెలిచిన సంతోషం కూడా కలగలేదు. పాపం, వాడు అంకె చూసి డబ్బు పోశాడు.

ఒకే చిప్పు అయినప్పుడు తేడా ఎక్కడిదంటే, తిండిలో ఉంది. నా కార్డుకు 320 వాట్ల దాకా అనుమతి ఉంది. వాడిదానికి 150, ప్రాసెసరు ఖాళీగా ఉన్నప్పుడు మరో 25 కలిపి 175. మెమరీ కూడా నాది వేగవంతమైన రకం, సెకనుకు సుమారు 717 గిగాబైట్లు కదిలిస్తుంది, దానిది 576. కానీ లెక్క తిరగేసి చూడు: నా దానిలో దాదాపు సగం కరెంటు మాత్రమే తాగి అది నా పనిలో ఐదింట నాలుగు వంతులు చేసింది. బండిని అరవై మీద నడిపితే వచ్చే మైలేజీ వంద మీద రాదు కదా. చిప్పు వేగం చివరి మెట్లు ఎక్కేకొద్దీ వోల్టేజీ పెంచాలి, వోల్టేజీ పెంచితే కరెంటు ఖర్చు దానికి మించి పెరుగుతుంది. కాబట్టి పందెంలో గెలిచింది నేనే అయినా, పొదుపరి ఎవరని అడిగితే నేను తల దించుకోవాలి.

వంటింటి ఓటమి న్యాయమైనది కాదని వాడు, నేనూ అనుకున్నాం. మరునాడు ఎలక్ట్రికల్ షాపులో కన్వర్టరు పిన్ను తెస్తానన్నాడు గాని, చవక కన్వర్టరును నమ్మడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరకు మా ఆవిడ కరుణించి, పాప పక్కింటికి ఆడుకోవడానికి వెళ్లిన గంటసేపు ఏసీ సాకెట్ ఇచ్చింది. ముందే చల్లబరిచిన గదిలో తేడా మళ్లీ ఐదుకు నాలుగు దగ్గరే నిలిచింది. తరువాత నీకు ఇష్టమైన కారు పందెం కూడా ఆడాం. అక్కడ మరో మెలిక ఉంది. గ్రాఫిక్స్ చిప్పు గీసిన బొమ్మ నేరుగా తెరకు వెళ్లకుండా ప్రాసెసరులోని చిన్న గ్రాఫిక్స్ గుండా వెళితే కొంత వేగం దారిలోనే పోతుంది. మక్స్ స్విచ్ అనేది ఉంటే ఆ చుట్టుదారి మూసేయవచ్చు. మూసి ఆడితే, ఫ్రేముల లెక్క చూపే అంకె కప్పేశాక, ఏది ఏదో నేను కళ్లతో చెప్పలేకపోయాను. చెవులతో మాత్రం పక్క వీధి నుంచైనా చెప్పగలను.

ఇంతలో ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. నా 600 వీఏ యూపీఎస్ ఒక్కసారి కుయ్యిమని, అంత బరువు మోయలేక చేతులెత్తేసింది. నా ఆట మధ్యలోనే గంగలో కలిసింది. లాప్‌టాప్ తెర వెలుగుతూనే ఉంది. కిరణ్ చప్పట్లు కొట్టాడు. చూస్తే ఆట నత్తనడక నడుస్తోంది. విమానాల్లో 100 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోనివ్వరు కాబట్టి, ఇలాంటి లాప్‌టాప్‌లలో 99 దగ్గర ఆపుతారు. ఆ బ్యాటరీతో పూర్తి వేగానికి తిండి పెట్టడం కుదరదు, పెట్టినా అరగంటకు మించదు. అయినా వాడి ఆట నిలిచింది, నాది పోయింది. ఆ చీకట్లో ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

నీ సంగతి. నువ్వు 4060 మెట్టు దగ్గర ఆగితే లాప్‌టాప్ నిస్సంకోచంగా కొను; రెండు చోట్లా 3,072 కోర్లే, 8 జీబీయే, డెస్క్‌టాప్ కార్డే 115 వాట్లకు మించి తాగదు, కాబట్టి తగినన్ని వాట్లు ఇచ్చే లాప్‌టాప్ దొరికితే దాదాపు సాటి వస్తుంది. ఒక మెట్టు ఎక్కి 4070 దగ్గరకు వస్తే డెస్క్‌టాప్‌కు 5,888 కోర్లు, 12 జీబీ. లాప్‌టాప్‌కు 4,608, 8 జీబీ. పైకి పోయేకొద్దీ ఒకే పేరున్న రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. ఈ ఏడాది వచ్చిన 5090 చూడు, డెస్క్‌టాప్‌లో 21,760 కోర్లు, 575 వాట్లు; లాప్‌టాప్‌లో 10,496 కోర్లు, అవే పాత 150 వాట్లు. అయితే ఆ లాప్‌టాప్‌కు 24 జీబీ మెమరీ ఉంది, డెస్క్‌టాప్ 5080కి 16 మాత్రమే, కాబట్టి నీ పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ నమూనాలకు అది పనికివచ్చే అవకాశం... దీని గురించి ఇంకా ఆలోచించాలి, ఫోనులో మాట్లాడదాం.

ఒకటి మాత్రం తప్పకుండా అడుగు. షాపువాడు చిప్పు పేరు చెప్పగానే తల ఊపకుండా, ఈ మోడల్లో దానికి ఎన్ని వాట్లు ఇస్తున్నారో అడుగు. 4090 లాప్‌టాప్ అనే పేరుతోనే 80 వాట్లది ఉండవచ్చు, 150ది ఉండవచ్చు. ఇంకొకటి, నేను 1070 తీసి 4080 పెట్టినప్పుడు క్యాబినెట్ అదే, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ మాత్రం మార్చాను. లాప్‌టాప్‌లో చిప్పు బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం అనే మాటే లేదు. ఇది చెప్పినప్పుడు కిరణ్ "మీరు మీ డబ్బాను విశాఖ తీసుకువెళ్లగలరా బావా?" అన్నాడు. దానికి నా దగ్గర...

ఈ ఉత్తరం ఇంత గజిబిజిగా ఎందుకు ఉందంటే, దీన్ని మోసుకువచ్చేది ఆ కిరణే. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు మీ ఊరు వస్తున్నాడు, లాప్‌టాప్ కూడా వెంట తెస్తున్నాడు, రెండు రోజులు నీ దగ్గర ఉంచుకుని నువ్వే పరీక్షించి చూడు. వాడికి బూరెలు పెట్టించు, లెక్క సరిపోవాలి. ఆటో గేటు ముందు ఆగింది, వాడు చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ ఇటుక చార్జరు మాత్రం ఇంకా గ్రైండరు సాకెట్‌కే వేలాడుతోంది, నేను లేచి అందించకపోతే వాడు