గల్లీ మొదట్లో విజిల్

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి పిల్లలు ప్రార్థన గంట కంటే ముందే గేటు దగ్గర ఉంటున్నారు. "ఈసారి ఏం చేశారు సార్?" అని పక్క బడుల వాళ్లు అడుగుతున్నారు. మేం చేసింది పెద్దగా ఏమీ లేదు.

పోయిన ఏడాది సోమవారం వచ్చిందంటే మూడో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. ఇళ్లలో పట్టించుకోవడం లేదని స్టాఫ్ రూములో అనుకునేవాళ్లం. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాటే పేరెంట్స్ మీటింగులో అనబోతే ఒకమ్మ నన్ను నిలదీసింది. "ఆరింటికే నేను అపార్ట్‌మెంట్లల్ల పనికి పోతా సార్. మా ఆయన ఆటో తీస్కొని పోతడు. పిల్లగాన్ని ఎవరు లేపాలె?" నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఆ వారంలోనే మీరే వెతికారు. ఇంట్లోనే మిషన్ కుట్టుకునే ఇద్దరు అమ్మలు వంతులు వేసుకున్నారు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరైన ఒక తాతగారు ఎనిమిదింటికి గల్లీ మొదట్లో నిలబడి విజిల్ వేస్తున్నారు. తలుపు తెరుచుకోని ఇంటి ముందు ఇంకోసారి, కొంచెం గట్టిగా. ఆయన "రైట్ రైట్" అంటేనే లైను కదులుతుంది. మెయిన్ రోడ్డు ఆయనే దాటిస్తారు. చెల్లిని చూసుకోవాలని ఇంట్లో ఆగిపోయే ఆడపిల్లలు ఇప్పుడు చెల్లితో సహా లైనులోకి వస్తున్నారు. చిన్నది దారిలో అంగన్‌వాడీలో దిగిపోతుంది. దీనికి నిధులూ రాలేదు, జీవో కూడా లేదు.

సర్కారు బడులు బాగుచేయడానికి 2022లో 'మన బస్తీ - మన బడి' పథకం వచ్చింది, 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. రిపేర్లు అవసరమే, కాదనను. బాత్రూములో నీళ్లు లేకపోతే పెద్ద తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నానికే ఇంటికి వెళ్లిపోతారు. కానీ ఎంత రంగు వేసినా పొద్దున పిల్లవాణ్ణి నిద్ర లేపేది గోడ కాదు కదా.

ఇంకో విషయం ఒప్పుకోవాలి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కూడా ఆ కమిటీయే. ఇన్నాళ్లూ మేం రాసేసి మీ చేత సంతకాలు పెట్టించుకున్నాం. ఈసారి తెల్ల కాగితంతోనే వస్తాను.

తేలనివి ఇంకా ఉన్నాయి. ఆదివారం రాత్రి ఎవరో గోడ దూకి వచ్చి తాగుతున్నారు. సోమవారం పొద్దున పిల్లలు ఆడుకునే చోట గాజు పెంకులు ఏరడం మా స్కావెంజర్ అమ్మకు పనైపోయింది. వాచ్‌మన్ కోసం అర్జీ పెట్టి చాలాకాలమైంది. బస్తీ కుర్రాళ్లు వంతులవారీగా రాత్రి పూట ఒక చూపు చూస్తామంటున్నారు. అది వాళ్ల మీద వేయవచ్చా, గొడవైతే ఎవరు బాధ్యులు? నాకైతే టెన్షన్‌గానే ఉంది. మాట్లాడుకుందాం.

వచ్చే ఆదివారం ఉదయం పదింటికి, వేపచెట్టు కింద. రోజు కూలి పోగొట్టుకోకూడదనే ఆదివారం పెట్టాం. నాన్నలూ, ఈ మాట మీకే: ఇప్పటిదాకా జరిగిన మీటింగుల్లో మీ సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టీ మా తరఫున. గ్లాసులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోండి, బడిలో ఉన్నవి సరిపోవు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు