విషయం: క్రిస్మస్ బేకింగ్ కిట్‌లో తప్పు దాల్చినచెక్క, ముఖ్యమైన జాగ్రత్త లేని తయారీ విధానం

న్యూరెంబర్గ్

కస్టమర్ సర్వీస్ వారికి,

నమస్కారం. జర్మనీలో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసమని మీరు అమ్ముతున్న క్రిస్మస్ బేకింగ్ కిట్ తెప్పించుకున్నాను. లేబ్‌కూఖెన్ అనే మసాలా బిస్కెట్లకీ, త్సిమ్ట్‌స్టెర్నె అనే దాల్చినచెక్క నక్షత్రాల బిస్కెట్లకీ కావలసిన దినుసులు, తెలుగులో తయారీ విధానం అందులో ఉన్నాయి. లవంగాలు, యాలకులు, జాపత్రి, ధనియాలు కలిసిన మసాలా చాలా బాగుంది. అడుగున పెట్టే ఓబ్లాటెన్ అప్పడాలు కూడా విరగకుండా వచ్చాయి. నా ఫిర్యాదు వాటి మీద కాదు.

దాల్చినచెక్క ప్యాకెట్ మీద ‘సిలోన్’ అని ఉంది. లోపల ఉన్నది కాసియా అనే వేరే రకం చెక్క. సిలోన్ చెక్క అయితే కాగితంలాంటి పల్చని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉంటాయి, వేళ్లతో నలిపితే విరుగుతుంది. మీరు పంపింది ఒకే పొరతో, మందంగా, గట్టిగా ఉంది. మనం బిర్యానీలో వేసే రకం. బిర్యానీలో అయితే తినేటప్పుడు ఆ ముక్క తీసి పక్కన పెడతాం. నక్షత్రాల్లో చెంచాల కొద్దీ పొడి వేస్తాం, అదంతా కడుపులోకే పోతుంది.

కాసియాలో కూమరిన్ అనే సహజ పదార్థం ఎక్కువ, సిలోన్ రకంలో చాలా తక్కువ. కూమరిన్ మోతాదు మించితే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. ఆహారంలోని ప్రమాదాలను అంచనా వేసే జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ 2006లోనే దీని గురించి హెచ్చరించింది. 15 కిలోల బరువున్న పిల్లలకు రోజుకు అర గ్రాము కాసియా మించకూడదని ఆ సంస్థ లెక్క. బేకరీలు అమ్మే ఇలాంటి పండగ బిస్కెట్లలో కిలోకు 50 మిల్లీగ్రాముల కూమరిన్ దాటకూడదని యూరప్ చట్టం ఉంది. ఇంట్లో చేసుకునే మాకు అలాంటి తనిఖీ ఏదీ లేదు. ప్యాకెట్ మీద మీరు రాసిందే మాకు ఆధారం. పిల్లలు ఇష్టంగా తింటారనే కదా సిలోన్ అని చూసి కొన్నది!

రెండోది నన్ను ఇంకా టెన్షన్ పెట్టింది. లేబ్‌కూఖెన్ పొంగడానికి మీరిచ్చిన హిర్ష్‌హార్న్‌జాల్ట్స్ అమ్మోనియా లవణం. ఓవెన్ వేడికి అది వాయువులుగా మారి పల్చటి బిస్కెట్లలోంచి బయటికి పోతుంది. కాల్చాక భయం లేదు, కానీ పచ్చి పిండి నోట్లో పెట్టుకోకూడదు. మీ కాగితంలో మాత్రం ‘పిండి రుచి చూసి తీపి సరిచూసుకోండి’ అని ఉంది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యకు జర్మన్ రాదు, మీ తెలుగు చదివే పిండి కలిపారు. మనవడికి కాస్త పెట్టబోతుంటే నేను ఆపాను. నేను ఇంట్లో లేకపోతే వాడు తినేసేవాడే.

కిట్ డబ్బు మొత్తం వాపసు ఇవ్వండి. ఈ కిట్ కొన్నవాళ్లందరికీ దాల్చినచెక్క సంగతీ, పచ్చి పిండి సంగతీ ఈ వారంలోనే తెలియజేయండి. క్రిస్మస్ ముందు వచ్చే అడ్వెంట్ వారాలు దగ్గరపడ్డాయి, చాలామంది ఈపాటికే పిండి కలుపుతూ ఉంటారు. కాగితంలో పిండి రుచి చూడమన్న వాక్యం తీసేసి, ఈ లవణం మందపాటి కేకుల్లో వాడితే అమ్మోనియా లోపలే ఉండిపోతుందని కూడా చేర్చండి. చెక్క, ప్యాకెట్, కాగితం ఫొటోలు జతచేస్తున్నాను. పది రోజుల్లో జవాబు రాకపోతే ఇక్కడి ఆహార తనిఖీ అధికారులకు ఇవే పంపిస్తాను.

ఇట్లు,
మీ కిట్ కొన్న ఒక తల్లి